బొమ్మల సినిమాలో చీకటి ఎక్కువుంటే పిలకాయలకు చూపించొచ్చా? ముందే తేల్చుకునే పద్ధతి

సెలవులొచ్చినా, కొత్త బొమ్మల సినిమా ఏదైనా థియేటర్లో పడినా తిరుపతిలో మా వీధి అమ్మానాన్నలు ఒకరినొకరు అడిగే మాట, "పిలకాయల్ని తీసుకుపోవచ్చా?" అని. దానికి ఎక్కువగా వచ్చే జవాబు, "కార్టూనే గదక్కా, ఏమవుతుంది" అని. ఏమవుతుందో ఆ రాత్రి తెలుస్తుంది, ఐదేళ్ళ పాప బాత్రూముకు ఒంటరిగా పోనని ఏడ్చినప్పుడు. అట్లాగని భయం ఉన్న సినిమాలన్నీ పిల్లలకు దూరంగా పెట్టమని నేను చెప్పడం లేదు. మంచి కథల్లో చావు ఉంటుంది, దుర్మార్గం ఉంటుంది, ఎవరూ లేని ఒంటరితనం ఉంటుంది. వాటిని పిల్లలు చూడాలి, తట్టుకోగలిగిన వయసులో, తట్టుకోగలిగిన తీరులో. ఆ వయసు, ఆ తీరు ఏవో సినిమా చూపించకముందే తేల్చుకోవచ్చు. ఒక సాయంత్రం కేటాయిస్తే చాలు.

మొదటి పని: బొమ్మలు చూసి వయసు లెక్క కట్టడం మానేయండి

యానిమేషన్ అనేది సినిమా తీసే పద్ధతి, అంతే. 1988 ఏప్రిల్‌లో జపాన్‌లో స్టూడియో ఘిబ్లి వాళ్ళు రెండు సినిమాలను ఒకే టికెట్ మీద విడుదల చేశారు. ఒకటి 'మై నైబర్ టోటోరో', పల్లెటూరికి వచ్చిన ఇద్దరు అక్కచెల్లెళ్ళకు అడవిలో ఒక పెద్ద బొచ్చు జీవితో స్నేహం కుదిరే కథ, నాలుగేళ్ళ వాళ్ళు కూడా నవ్వుకుంటూ చూస్తారు. రెండోది ఇసావో తకహాతా తీసిన 'గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్'. 1945లో కోబె నగరం మీద బాంబులు పడ్డప్పుడు తల్లిని పోగొట్టుకున్న పద్నాలుగేళ్ళ అన్న, నాలుగేళ్ళ చెల్లి తిండి లేక ఎట్లా కృశించి పోయారో చెప్పే సినిమా. అది మొదలవడమే ఆ అబ్బాయి రైల్వే స్టేషన్లో ప్రాణం వదలడంతో మొదలవుతుంది. రెండిటిదీ ఒకే స్టూడియో, ఒకే మెత్తటి రంగులు, రెండిటిలోనూ ముద్దొచ్చే చిన్నపాప. పోస్టర్ చూసి మీరు ఏది ఎవరికో చెప్పలేరు.

పిల్లల సినిమా అని లోకమంతా ఒప్పుకున్న వాటిలో కూడా చావు తక్కువేం లేదు. 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన అచ్చయింది. 1937 నాటి 'స్నో వైట్' నుంచి 2013 నాటి 'ఫ్రోజెన్' దాకా బాగా ఆడిన 45 పిల్లల యానిమేషన్ సినిమాలను తీసుకుని పెద్దవాళ్ళ డ్రామా సినిమాలతో పోల్చి చూశారు. ముఖ్యమైన పాత్ర తెర మీద చనిపోయే అవకాశం పిల్లల సినిమాల్లోనే రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది, కథానాయకుడి అమ్మానాన్నలు చనిపోయే అవకాశమైతే ఐదు రెట్లకు పైనే. 'ఫైండింగ్ నీమో' గుర్తుంది కదా, మొదటి ఐదు నిమిషాల్లోనే తల్లి చేప పోతుంది. అమెరికాలో దానికి వచ్చింది అన్ని వయసుల వాళ్ళూ చూడొచ్చనే జీ రేటింగ్. ఆ సినిమా చూపించొద్దని కాదు, ఆ ఐదు నిమిషాల సంగతి మీకు ముందు తెలిసుండాలి.

రెండో పని: సర్టిఫికెట్ చదవండి, దాన్నే తీర్పు అనుకోవద్దు

1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద మనకు సెన్సార్ బోర్డు సర్టిఫికెట్ ఇస్తుంది. అందరికీ అయితే 'యూ', పెద్దవాళ్ళకు మాత్రమే అయితే 'ఏ', మధ్యలోది 'యూఏ'. 2023లో చట్టం సవరించి ఆ యూఏని మూడుగా విడగొట్టారు: యూఏ 7+, యూఏ 13+, యూఏ 16+. చాలామంది పొరబడేది ఇక్కడే. యూఏ 13+ అంటే పదమూడేళ్ళ లోపు వాళ్ళను లోపలికి రానివ్వరని కాదు, ఆ లోపు వయసు వాళ్ళను తీసుకురావాలో వద్దో అమ్మానాన్నలే ఆలోచించుకోవాలని. మీరు నాలుగేళ్ళ పిల్లాణ్ణి చంకనెత్తుకుని పోయినా గేటు దగ్గర ఆపే నిబంధన లేదు, ఆపాల్సింది 'ఏ' సర్టిఫికెట్ ఉన్న సినిమాకే. అంటే ఆ అంకె మనకు చెప్పిన సలహా, బాధ్యత మాత్రం మనదే. పాత సినిమాలకు ఉత్త యూఏ అని ఉంటే అప్పటి లెక్క పన్నెండేళ్ళు.

ఓటీటీలో కనిపించే అంకె వేరే. 2021లో వచ్చిన ఐటీ నిబంధనల ప్రకారం ఆ వయసు గుర్తును ప్లాట్‌ఫామ్ వాళ్ళే పెట్టుకుంటారు, సెన్సార్ బోర్డు ఇచ్చింది కాదు. సినిమా మొదలవగానే తెర మూలన ఆ గుర్తుతో పాటు హింస, భయం, బూతు మాటలు అంటూ కారణాలు కూడా కొన్ని సెకన్లు కనిపిస్తాయి, మనం అప్పుడే దిండ్లు సర్దుకుంటూ ఉంటాం. ఆపి చదవండి. యూఏ 13+, అంతకు పైన ఉన్నవాటికి తాళం వేసుకునే ఏర్పాటు ఉండాలని కూడా ఆ నిబంధనల్లోనే ఉంది. సెట్టింగ్స్‌లోకి పోయి పిల్లల ప్రొఫైల్ విడిగా పెట్టి, మీ ప్రొఫైల్‌కు పిన్ పెట్టండి. ఆ పిన్ ఇంటి గేటు నంబరో, పుట్టినరోజో అయితే పిలకాయలు వారంలో కనిపెట్టేస్తారు, వేరే ఏదైనా పెట్టండి.

బయటి దేశాల రేటింగులు కూడా చూడండి, పోల్చుకోవడానికి పనికొస్తాయి. బ్రిటన్ బోర్డు వాళ్ళ సైట్లో ఫలానా రేటింగ్ ఎందుకిచ్చారో, ఏ రకం సన్నివేశం ఉందో వివరంగా రాస్తారు. అయినా రేటింగులు మనుషులు ఇచ్చేవే, కాలంతో మారేవే. 'వాటర్‌షిప్ డౌన్' అనే కుందేళ్ళ సినిమాకు 1978లో బ్రిటన్‌లో యూ ఇచ్చారు. అందులో కుందేళ్ళు ఒకదాన్నొకటి రక్తాలొచ్చేలా చీరుకుంటాయి. దాన్ని పీజీకి, అంటే పెద్దవాళ్ళు ఆలోచించుకుని చూపించాలనే రేటింగుకు, మార్చడానికి నలభై ఏళ్ళకు పైనే పట్టింది. ఆ మధ్య కాలమంతా ఎందరో చిన్నపిల్లలు దాన్ని అందరూ చూడొచ్చనే ముద్రతోనే చూశారు.

ఇంకో సంగతి. ఏ బోర్డయినా ఎక్కువగా తూచేది రక్తం, బూతులు, సెక్స్, మత్తు. ఒక పాప ఖాళీ ఇంట్లో అమ్మ కోసం పిలుస్తూ గదిగది తిరిగే సీన్‌కు అంకె వేయడం కష్టం. మీ పాపను భయపెట్టేది అదే కావచ్చు.

మూడో పని: కథ ముగింపుతో సహా తెలుసుకోండి

ట్రైలర్ నమ్మొద్దు. దాన్ని కట్ చేసేది టికెట్లు అమ్మడానికి. మనకు ఇక్కడ సస్పెన్స్ అక్కర్లేదు. వికీపీడియాలో కథ మొత్తం ఉంటుంది, ఆఖరి పేరా దాకా చదవండి. సినిమాల వివరాలుండే ఐఎమ్‌డీబీ సైట్లో ఒక్కో సినిమాకు పేరెంట్స్ గైడ్ అని విభాగం ఉంటుంది, అందులో హింస ఒకచోట, భయపెట్టే సీన్లు ఒకచోట విడివిడిగా రాసి ఉంటాయి. కామన్ సెన్స్ మీడియా అనే సైట్లో అమ్మానాన్నలు ఏమన్నారో, పిల్లలు ఏమన్నారో వేరువేరుగా చూడొచ్చు. ఇంగ్లీషు చదవడం కష్టమైతే ఫోన్లోనే తెలుగులోకి మార్చుకోవచ్చు, విషయం తెలియడానికి ఆ మాత్రం చాలు. మన రివ్యూల వల్ల ఈ పనికి ఉపయోగం తక్కువ, ఫస్టాఫ్ లాగింది, గ్రాఫిక్స్ బాగున్నాయి అనే దగ్గరే ఆగిపోతాయి.

అప్పటికే చూసొచ్చిన వాళ్ళను అడిగితే "బాగుందా" అని అడగొద్దు, బాగుందనే అంటారు. "మీ అబ్బోడు ఎక్కడ కళ్ళు మూసుకున్నాడు, ఆ రాత్రి ఎట్లా పడుకున్నాడు" అని అడగండి. వాళ్ళ అబ్బోడి వయసు కూడా అడగండి.

నాలుగో పని: మీరు ముందు చూడండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. తీరిక లేకపోతే మొదటి ఇరవై నిమిషాలు, చివరి అరగంట, మధ్యలో కథ చదివినప్పుడు మీకు అనుమానం తగిలిన సీన్లు చూడండి. థియేటర్ సినిమా అయితే మీలో ఒకరు ముందు పోయి చూసిరండి, ఖర్చే, కానీ నలుగురికి టికెట్లు తీసి ఇంటర్వెల్‌లో ఏడుస్తున్న పిల్లతో బయటికి రావడం కంటే తక్కువ ఖర్చు. చూసేటప్పుడు వెతకాల్సినవి కొన్ని ఉన్నాయి.

భయపెట్టేది ఎవరు అన్నది అన్నిటికంటే ముందు చూడండి. హెన్రీ సెలిక్ దర్శకత్వంలో 2009లో వచ్చిన 'కోరలైన్' ఉంది. ఒక అమ్మాయి గోడలో ఉన్న చిన్న తలుపు గుండా పోతే అవతల అచ్చం తన ఇల్లే, అచ్చం తన అమ్మే, ఇంకా ప్రేమగా, ఇంకా రుచిగా వండిపెట్టే అమ్మ. కళ్ళ స్థానంలో గుండీలు ఉంటాయి. ఇక్కడే ఉండిపోవాలంటే నీ కళ్ళకు కూడా గుండీలు కుట్టించుకో అంటుంది. రక్తం లేదు, అమెరికాలో పీజీ రేటింగ్. కానీ చిన్నపిల్లకు భయమేస్తే పరుగెత్తడానికి ఉన్న ఒకే ఒక్క చోటు అమ్మ. ఆ అమ్మ ముఖమే మోసం చేస్తే ఎక్కడికి పోవాలి? అందుకే రాక్షసుడు పది తలలతో వచ్చినా నవ్వే పిల్లలు కూడా ఇట్లాంటి దానికి బిక్కచచ్చిపోతారు. నాకు ఆ సినిమా అంటే చాలా ఇష్టం, ధైర్యమంటే ఏమిటో అంత బాగా చెప్పినవి తక్కువ. తొమ్మిది, పదేళ్ళు వచ్చాక పక్కన కూర్చుని చూపించమంటాను, ఆరేళ్ళకు వద్దంటాను.

ఈ మాట అంటే వెంటనే ఎవరో ఒకరు, "ప్రహ్లాదుడి కథలో కన్నతండ్రే గదా చంపబోయింది, దాన్ని మూడేళ్ళకే చెప్తాం గదా" అంటారు. న్యాయమైన ప్రశ్న. 2025 జులైలో ఆ కథతోనే తీసిన బొమ్మల సినిమా 'మహావతార్ నరసింహ' వచ్చినప్పుడు ఎంతోమంది ఆ ధీమాతోనే పసిపిల్లలతో సహా పోయారు. తేడా కథలో లేదు, చెప్పే తీరులో ఉంది. అవ్వ ప్రహ్లాదుడి కథ చెప్పేటప్పుడు ఏనుగు ఎంత పెద్దదో పిల్లాడే ఊహించుకుంటాడు, తను మోయగలిగినంత పెద్దదే ఊహించుకుంటాడు. వాడి ముఖం చూసి అవ్వ గొంతు తగ్గిస్తుంది, పాము దగ్గర వాడు దుప్పటి లాక్కుంటే పామును త్వరగా పంపించేస్తుంది. స్తంభం పగిలాక ఏమవుతుందో వాడికి వందసార్లు తెలుసు. సినిమాకు మీ పిల్లాడి ముఖం కనపడదు. తెర మీద పేగులు బయటికి వచ్చేది ఎంతసేపు ఉండాలో అంతసేపూ ఉంటుంది, నాలుగు వైపులా స్పీకర్లు మోగుతూ ఉంటాయి. తెలిసిన కథ కాబట్టి పర్వాలేదనుకోవద్దు, ఆ సినిమాలో దాన్ని ఎట్లా చూపించారో చూసి నిర్ణయించండి.

మన చిత్తూరు వైపు పల్లెల్లో ధర్మరాజు గుడి తిరునాళ్ళలో రోజుల తరబడి భారతం జరుగుతుంది కదా, చివర్లో దుర్యోధన వధ. మైదానంలో మట్టితో చేసి పడుకోబెట్టిన భారీ దుర్యోధనుడు, గద తిప్పుతూ చుట్టూ పరుగెత్తే భీముడి వేషగాడు, తొడ పగిలాక ఆ ఎర్రటి రంగుతో జుట్టు ముడేసుకునే ద్రౌపది. తలుచుకుంటే అంతకంటే ఘోరమైన సీన్ ఏముంది. అయినా ఎన్నో తరాల పిలకాయలు తాత భుజం మీద కూర్చుని దాన్ని చూశారు. పట్టపగలు, ఊరంతా చుట్టూ ఉండగా, ఆ భీముడు పక్కవీధి మామే అని తెలిసి, భయమేస్తే తాత తల పట్టుకుని చూశారు. భయంతో పాటు పట్టుకోవడానికి ఒక మనిషి కూడా దొరికాడు. సినిమాకు కూడా ఆ ఏర్పాటు మనం చేయగలం, దాని సంగతి కింద రాస్తాను.

తర్వాత చూడాల్సింది, భయం రూపంలో ఉందా, విషయంలో ఉందా అని. పిల్లల భయాల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన జోయన్ కాంటర్ అనే అమెరికన్ ప్రొఫెసర్ పరిశోధనల్లో తేలిన మాట నాకు చాలా అక్కరకొచ్చింది. ఏడేళ్ళ లోపు పిల్లలను ఎక్కువగా భయపెట్టేది కంటికి కనిపించే రూపం. 1980లలో ఆమె చేసిన సర్వేలో బడికి పోని వయసు పిల్లలను బాగా భయపెట్టిన వాటిలో 'ఇన్‌క్రెడిబుల్ హల్క్' సీరియల్ ముందుంది. హల్క్ మంచివాడే, అందరినీ కాపాడేవాడే, కానీ మామూలు మనిషి ఉన్నట్టుండి పచ్చటి భూతంలా మారిపోవడం చిన్నపిల్లలకు తట్టుకోలేని విషయం. ఎనిమిది, తొమ్మిది దాటాక ఇది తిరగబడుతుంది. దెయ్యం ముఖం చూసి నవ్వుతారు, కానీ దొంగ ఇంట్లో దూరడం, అమ్మకు జబ్బు చేయడం, యుద్ధం, ఎవరో ఎత్తుకుపోవడం లాంటి నిజంగా జరగగలిగేవి చూసి లోపల్లోపల వణుకుతారు. చిన్నవాళ్ళ కోసం చూస్తుంటే ముఖాలు, మార్పులు, హఠాత్తుగా మీదికి దూకేవి లెక్కపెట్టండి. పెద్దపిల్లల కోసమైతే "ఇది మన ఇంట్లో జరగొచ్చా" అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి.

ఊపిరి తీసుకునే సందు ఉందా? ఒక భయం సీన్ అయిపోయాక పాట, నవ్వు, ఇంటి అన్నం, ఏదో ఒకటి రావాలి. అది ఎంతసేపటికి వస్తుందో గడియారం చూడండి. నా అనుభవంలో చిన్నపిల్లలకు నాలుగైదు నిమిషాలు ఆగకుండా బిగిస్తే ఎక్కువే. అట్లాగే ఒక భయంకరమైన సీన్‌ను సౌండ్ పూర్తిగా తీసేసి మళ్ళీ చూడండి. సగం సీన్లు సౌండ్ లేకపోతే చప్పగా అయిపోతాయి. అట్లాంటి సినిమాను థియేటర్లో కాకుండా ఇంట్లో సౌండ్ తగ్గించి చూపించొచ్చు. సౌండ్ తీసేసినా ఒళ్ళు గగుర్పొడిస్తే అది బొమ్మలోనే ఉంది, వాయిదా వేయండి.

సినిమాలో ఉన్న పిల్ల ఏమైనా చేయగలుగుతుందా అన్నది కూడా చూడండి. తెలివితోనో, స్నేహితుల సాయంతోనో, ఏడుస్తూనే అయినా ఒక అడుగు ముందుకు వేసే పాత్ర ఉంటే చూసే పిల్ల దాని చెయ్యి పట్టుకుని బయటికి వస్తుంది. ఆ పిల్ల చివరిదాకా దెబ్బలు తింటూనే ఉంటే, ఆదుకునే పెద్దవాళ్ళు ఒక్కరూ లేకపోతే, అది ఎంత గొప్ప సినిమా అయినా పెద్దయ్యాక చూడాల్సింది. 'గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్' నా లెక్కలో అట్లాంటిది, టీనేజీలోకి వచ్చాక ఇంటిల్లిపాదీ కూర్చుని చూడాల్సిన సినిమా. ముగింపు సుఖాంతమే కావాలని పట్టుబట్టకండి. ఏడుపుతో ముగిసినా పర్వాలేదు, ఏమైందో పిల్లకు అర్థమయ్యేలా ముగియాలి. విలన్ ఇంకా బతికే ఉన్నాడని చివరి క్షణంలో కన్ను తెరిపించి వదిలేస్తారే, చిన్నపిల్లలకు నిద్ర పట్టనివ్వనిది అదే.

ఇవి కాక చిన్నవి మూడు. మెడకు తాడు, మేడ మీంచి దూకడం, నిప్పు లాంటివి ఆటలా చూపించారా, దేన్నైనా అనుకరించే వయసు పిల్లలకు అది వద్దు. డబ్బింగ్‌లో లేనిపోని బూతు, డబుల్ మీనింగ్ కలిపారా, తెలుగు ట్రాక్‌తోనే చూసి తెలుసుకోండి. సబ్‌టైటిల్స్ మాత్రమే ఉన్నాయా, అంత వేగంగా చదవలేని పిల్లకు బొమ్మ అందుతుంది, ఓదార్పు మాట అందదు.

ఐదో పని: ఇప్పుడు మీ పిల్లను చూడండి

ఇద్దరు ఏడేళ్ళ పిల్లలు ఒకేలా ఉండరు, ఒకే పాప కూడా రెండు నెలల తేడాలో ఒకేలా ఉండదు. ఈ మధ్య ఇంట్లో తాతో అవ్వో పోయారా, ఎవరైనా ఆస్పత్రిలో ఉన్నారా, నాన్న ఉద్యోగానికి వేరే ఊరు పోయాడా, కొత్తగా చెల్లి పుట్టిందా, ఇంట్లో పెద్దవాళ్ళ మధ్య గొడవలు నడుస్తున్నాయా? వీటిలో ఏది ఉన్నా దానికి దగ్గరగా ఉన్న కథను కొన్ని నెలలు పక్కన పెట్టండి. అవ్వ పోయిన నెలకే అవ్వ చనిపోయే సినిమా "అర్థమవుతుందిలే" అని చూపించేవాళ్ళు ఉన్నారు. కొందరికి మేలు చేస్తుందేమో, కానీ అది పిల్ల అడిగితే చేయాల్సిన పని, మనం పెట్టే పరీక్ష కాకూడదు.

తను ఏ కథల్లో పేజీ తిప్పేస్తుందో, జాతరలో వేషాలు చూసి ముందుకు పోతుందో వెనక్కి దాక్కుంటుందో మీకు తెలుసు. గంగమ్మ జాతరలో ఒళ్ళంతా బొగ్గు పూసుకున్న తోటి వేషం ఎదురైతే కిలకిల నవ్వే పిల్లలున్నారు, ఆ వారమంతా గడప దాటని పిల్లలున్నారు. ఎవరిదీ తప్పు కాదు.

అన్నకు పదకొండు, చెల్లికి ఐదు అయితే చెల్లి వయసుకు సరిపోయేదే కలిసి చూడాలి. అన్నకు కావాల్సింది చెల్లి పడుకున్నాకో, పక్కింటికి ఆడుకోవడానికి పోయినప్పుడో చూపించండి. ఇది చెప్పినంత సులభం కాదని తెలుసు, ముఖ్యంగా ఎండాకాలం సెలవులకు అందరూ అవ్వగారి ఊరు చేరినప్పుడు. నాలుగేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ దాకా పిలకాయలంతా ఒక గదిలో ఒక ఫోన్ చుట్టూ చేరతారు, ఏం చూడాలో పెద్దోడు నిర్ణయిస్తాడు, పెద్దవాళ్ళు వరండాలో మాట్లాడుకుంటూ ఉంటారు. ఆ పెద్దోణ్ణి విడిగా పిలిచి, "చిన్నోళ్ళు ఉన్నప్పుడు ఇవి పెట్టు, అవి మనిద్దరం రాత్రికి చూద్దాం" అని చెప్పండి. బాధ్యత అప్పగిస్తే చాలామంది నిలబెట్టుకుంటారు.

ఫోన్ మాట వచ్చింది కాబట్టి ఇది కూడా. సినిమా చూపించకపోయినా అందులో అన్నిటికంటే భయంకరమైన ముప్పై సెకన్ల ముక్క షార్ట్స్‌లో వచ్చేస్తుంది. ముందూ వెనకా కథ లేదు, ముగింపు లేదు, ఆ ముఖం మాత్రం గుర్తుండిపోతుంది. మొత్తం సినిమా చూడటం కంటే ఇది చెడ్డది. ఆటోప్లే ఆపేయండి, చిన్నవాళ్ళకు ఫోన్ ఇస్తే ముందే డౌన్‌లోడ్ చేసినవి మాత్రమే ఇవ్వండి. ఇప్పటికే అట్లాంటి ముక్క చూసి భయపడి ఉంటే, ఆ సీన్ తర్వాత ఏమవుతుందో కథ మొత్తం నోటితో చెప్పండి.

ఆరో పని: చూపించే రోజు

మొదటిసారి ఇంట్లో, పగలు, లైటు వేసి, అన్నం తిన్నాక. రిమోట్ పిల్ల చేతికి ఇవ్వండి, మీ చేతిలో కాదు. ఆపగలనని తెలిస్తే ఆపాల్సిన అవసరం తగ్గుతుంది. కథ ముందే చెప్పమంటే చెప్పేయండి, "చివరికి ఆ కుక్కపిల్ల బతుకుతుందా" అని అడిగే పిల్ల సినిమా పాడు చేసుకోవడం లేదు, ధైర్యం కూడగట్టుకుంటోంది. భయమేస్తే ఏం చేయాలో కూడా ముందే అనుకోండి, నా చెయ్యి రెండుసార్లు నొక్కు, ఆపేస్తాను, అట్లా. నొక్కినప్పుడు "ఇంకొంచెమే, అయిపోతుంది" అనకుండా నిజంగా ఆపాలి.

థియేటర్ అయితే ఉదయం ఆట. సెకండ్ షో ముగిసి అర్ధరాత్రి చీకట్లో బండి మీద ఇంటికి రావడం, రాగానే పడుకోవడం, చూసింది అరగడానికి మధ్యలో సమయమే ఉండదు. నడవ పక్క సీట్లు బుక్ చేయండి, స్క్రీన్‌కూ స్పీకర్లకూ దూరంగా. మధ్యలో లేచి రావాల్సి వస్తే ఒకరు బయటికి తీసుకుపోవాలని ముందే అనుకోండి, టికెట్ డబ్బుల గురించి ఆ పిల్ల ముందు మాట్లాడొద్దు.

పక్కన కూర్చోవడమంటే ఫోన్ చూసుకుంటూ కూర్చోవడం కాదు. ప్రతి సీన్‌కూ నీతి చెప్పడం కూడా కాదు. మీరూ చూడండి, మీకూ భయమేస్తే "నాకూ గుండె దడగా ఉంది" అనండి. "ఛీ పిరికోడా, బొమ్మలకే భయమా" అనే మాట మాత్రం బావలు, చిన్నాయనలు, ఎవరు అన్నా అక్కడే ఆపించండి. ఆ మాట విన్న పిల్లాడికి భయం పోదు, చెప్పుకోవడం మానేస్తాడు.

ఏడో పని: చూశాక రెండు మూడు రోజులు

అయిపోగానే ప్రశ్నలు గుప్పించొద్దు. అన్నం తినేటప్పుడో, తల దువ్వేటప్పుడో తనే మొదలుపెడుతుంది. చూసిందాన్ని బొమ్మ వేస్తుంటే, ఆటలో ఆడుతుంటే ఆపకండి, లోపలి భయాన్ని బయట పెట్టుకునే దారి అదే. "అమ్మా నువ్వు కూడా చచ్చిపోతావా" అని అడిగితే మాట మార్చకండి. "అందరూ ఏదో ఒక రోజు పోతారు, నేను చాలా ఏళ్ళు నీతో ఉండాలని నా ఆరోగ్యం చూసుకుంటున్నాను, నాకేమైనా అయినా నిన్ను చూసుకోవడానికి నాన్న, అవ్వ, అత్త ఉన్నారు" అని నెమ్మదిగా చెప్పండి. పిల్ల తెలుసుకోవాలనుకునేది ఆ చివరి ముక్కే.

ఐదేళ్ళ పాపకు "అదంతా అబద్ధం, నిజం కాదు" అని ఎన్నిసార్లు చెప్పినా పెద్దగా పనిచేయదు. పక్కన పడుకోండి, చిన్న లైటు ఉంచండి, నీళ్ళు తాగించండి, ఇష్టమైన బొమ్మ చేతికివ్వండి. ఎనిమిది దాటిన వాళ్ళకు మాత్రం ఎట్లా తీశారో చూపిస్తే భయం ఇట్టే దిగిపోతుంది. 'కోరలైన్' లాంటివి నిజమైన చిన్న చిన్న బొమ్మలను తయారుచేసి, కొద్దికొద్దిగా కదుపుతూ, ఒక్కో ఫ్రేమ్ ఫోటో తీసి చేసినవి. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు పడతాయి. ఆ మేకింగ్ వీడియోలు దొరుకుతాయి, చూపించండి, తర్వాత మీ ఫోన్తోనే రబ్బరునో పెన్సిల్నో జరుపుతూ ఇరవై ఫోటోలు తీయించండి.

అవ్వ దిష్టి తీస్తానంటే తీయనివ్వండి, తాయెత్తు కడతానన్నా గొడవ పడొద్దు, తన కోసం ఇంట్లో అందరూ నిలబడ్డారని పిల్లకు తెలుస్తుంది. ప్రశ్నకు జవాబు మాత్రం మీరు విడిగా చెప్పాలి. ఇంట్లో అందరికీ ఒక్క షరతు పెట్టండి: ఆ సినిమాలో భూతం పేరు చెప్పి అన్నం తినిపించొద్దు, నిద్రపుచ్చొద్దు. "గుండీల కళ్ళామె వస్తుంది, గమ్మున పడుకో" అని ఒక్కసారి అన్నారంటే తెర మీద ఉండాల్సిన దాన్ని మీరే ఇంట్లోకి తీసుకొచ్చినట్టు.

రెండు మూడు రాత్రులు కలత నిద్ర మామూలే. రెండు మూడు వారాలైనా పక్క తడపడం, బడికి పోననడం, తిండి మానేయడం, ఒక్క క్షణం కూడా వదలకపోవడం ఉంటే పిల్లల డాక్టరుకు చూపించండి. సినిమా ఒక సాకే, లోపల వేరే భయం ఉండి ఉండొచ్చు. మానసిక ఆరోగ్యం గురించి సలహా ఇవ్వడానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఒక్కోసారి అంత భయపడిన పిల్లే నాలుగు రోజులు పోయాక, "అది మళ్ళీ చూస్తా" అంటుంది. కంగారు పడకండి, ఈసారి తను గెలవాలనుకుంటోంది. పగటిపూట పెట్టండి, తనకు భయమేసిన సీన్ దగ్గరికి తననే తీసుకుపోనివ్వండి, సౌండ్ ఎంతుండాలో తననే చెప్పమనండి, ఎక్కడ ఆపితే అక్కడ ఆపండి.